ఎనిమిది వేళ్ళ తెలుగు

చీరాలలో మా డీటీపీ షాపుకీ, మామయ్య పరుపుల కొట్టుకీ మధ్య ఒకటే గోడ. గోడకి ఇటువైపు మా కంప్యూటరు, అటువైపు ఆయన దూది ఏకే మిషను. అటు మిషను తిరిగితే ఇటు టేబుల్ మీద టీ గ్లాసులు సన్నగా వణికేవి. కొత్త కస్టమర్లు కంగారుగా పైకప్పు వైపు చూసేవాళ్ళు. పాతవాళ్ళు గ్లాసుని ఓ చేత్తో పట్టుకుని తమ మాట తాము చెప్పుకుపోయేవాళ్ళు.

చిన్నప్పుడు మా ఆయన కుడిచేతి ఉంగరం వేలునీ, చిటికెన వేలునీ ఆ మిషనే తీసుకుంది. బడి లేని రోజు తండ్రికి సాయంగా పత్తి అందిస్తుంటే జరిగిందట. ఆ తర్వాత మామయ్య కొడుకుని మిషను దగ్గరికి రానివ్వలేదు. నీకు దూది వద్దు, అక్షరాలతో బతుకు అని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. అక్కడి మాస్టారు ఆ చెయ్యి చూసి నసిగితే, ఉన్న వేళ్ళకే నేర్పించండి, లేనివాటి సంగతి నేను చూసుకుంటానని చెప్పి వచ్చానని మామయ్య నాతో ఎన్నిసార్లు చెప్పుకున్నారో. చెప్పిన ప్రతిసారీ నవ్వేవారు, నవ్వాక కాసేపు గోడ వైపు చూసేవారు.

మేం కంప్యూటరు కొన్నప్పుడు తెలుగు సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. మా ఆయన చెయ్యి చూశాడు. టీ తెప్పించమని చెప్పి, మధ్యాహ్నమంతా కూర్చుని కీబోర్డులో అక్షరాల చోట్లు మార్చేశాడు. లేని వేళ్ళు కొట్టాల్సిన ఒత్తులూ దీర్ఘాలూ ఉన్న వేళ్ళ కిందికి వచ్చాయి. ఆ కీబోర్డు ముందు ఇంకెవరు కూర్చున్నా ఒకటి కొడితే ఇంకోటి పడేది. గుంటూరులో కంప్యూటర్ కోర్సు చేసినప్పుడు మామూలు పద్ధతిలో తెలుగు టైపు కాస్త నేర్చుకున్నదాన్ని, నాకూ అది లొంగలేదు. అందుకని షాపులో ఇంగ్లీషు పని, బోర్డర్లు, గులాబీ పూలు నావి. తెలుగంతా ఆయనది.

అంటే విండోస్ నైన్టీ ఎయిట్ మీద ఆ తెలుగు సాఫ్ట్‌వేర్, దాని మీద ఆ అక్షరాల అమరిక, ఆ అమరిక మీద మా ఆయన చేతులు నిలబడి ఉన్నాయి. అడుగుది లాగితే పైవన్నీ పోతాయి. నైన్టీ ఎయిట్ తీసేసి ఎక్స్‌పీ వేయించాలా వద్దా అని మా ఇద్దరికీ జరిగిన గొడవంతా దీని గురించే. వేయించకపోతే షాపు వెనకబడుతుంది. వేయిస్తే ఆయన కుర్చీ ఆయనది కాకుండా పోతుంది.

ఆ కుర్చీలో ఆయన చేసే పని ఎలాంటిదో చెప్పాలి. పర్చూరు వైపు నుంచి, ఇంకొల్లు వైపు నుంచి పత్తి రైతులూ, మిరపతోటల్లో పనిచేసేవాళ్ళూ వచ్చేవాళ్ళు. పెళ్ళి కార్డు, పెద్దకర్మ కార్డు, చర్చిలో సువార్త కూటాల కరపత్రం, దర్గా ఉరుసు పోస్టరు, ఏదైనా సరే. చాలామంది చేతిలో కాగితం ఉండదు. వేరే షాపుల్లో అయితే రాసుకు రమ్మని పంపించేస్తారు. మా ఆయన కూర్చోబెట్టి, మీ ఇంట్లో ఎలా అనుకుంటారో అలా చెప్పండి అనేవారు. వాళ్ళు చెప్పుకుంటూ పోతే, ఆ మాట వేగానికి తగ్గట్టు ఈ ఎనిమిది వేళ్ళూ పరిగెత్తేవి. మధ్యలో ఆపడం, మళ్ళీ చెప్పమనడం ఉండేది కాదు. అంతా అయ్యాక మెల్లగా చదివి వినిపిస్తే, ఇది నేనన్న మాటేనా అని వాళ్ళే ఆశ్చర్యపోయేవాళ్ళు. మాట వాళ్ళదే, కాకపోతే తలంటు పోసి కొత్త బట్టలు కట్టినట్టుండేది.

ఇంత చక్కటి మాటలు టైపు చేసే మనిషి ఇంట్లో మాత్రం మాట్లాడరు. పెళ్ళైన కొత్తలో నా మీద కోపమేమో అని భయపడ్డాను. తర్వాత నాకు కోపం వచ్చింది. ఆ తర్వాత, ఇది ఆయన పుట్టుకేనని అర్థమై ఊరుకున్నాను. ఇద్దరి తరఫునా నేనే మాట్లాడేదాన్ని. కూర బాగుందా అని అడిగి, ఉప్పు కాస్త తగ్గిందిలెండి అని నేనే జవాబు చెప్పుకునేదాన్ని.

ఎక్స్‌పీ గురించి ముందు మొదలుపెట్టింది నేనే. పల్లెల్లో కూడా రంగుల కార్డుల మోజు మొదలైంది. అబ్బాయి ఫోటో, అమ్మాయి ఫోటో, మధ్యలో జరీ అంచు కావాలి. ఆ రంగుల అచ్చు గుంటూరులోని ఒక ప్రెస్సులో వేయించాలి. వాళ్ళేమో పాత సాఫ్ట్‌వేర్ ఫైళ్ళు తీసుకోం, ఫ్లాపీలు అసలే వద్దు, పెన్‌డ్రైవ్‌లో పెట్టి కొత్త వర్షన్‌లో తెమ్మన్నారు. మా నైన్టీ ఎయిట్‌కి పెన్‌డ్రైవ్ పెడితే అది ఏమిటో కూడా గుర్తుపట్టేది కాదు. దానికి తోడు ఫోటో పెద్దదైతే చాలు, తెర మొత్తం నీలంగా మారి బిగుసుకుపోయేది.

నేను కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను, ఎక్స్‌పీ వేయించకపోతే జిరాక్సులు తీసుకుంటూ బతకాలని. ఆయన, ఈ సీజన్ పోనీ అన్నారు. సీజన్ పోయాక, వైరస్‌లు వస్తాయట అన్నారు. ఆ తర్వాత ర్యామ్ సరిపోదేమో అన్నారు. కొత్త వర్షన్‌లో అక్షరాల చోట్లు మార్చుకునే వీలు లేదని డీలరుకి ఫోన్ చేసి కనుక్కున్నారు. అప్పట్లో మార్చిపెట్టినాయన ఆ ఉద్యోగమే మానేశాడట. రెండూ ఉంచుకుందామంటే మా హార్డ్ డిస్కులో చోటు లేదు. ఇంకో కంప్యూటరు కొనే స్తోమత మాకు లేదు. తెలుగు నేను కొడతానుగా అన్నాను ఒకసారి. ఆయన నా వైపు చూసిన చూపుకి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ మిగతా మాటలన్నీ రోజూ ఎత్తేదాన్ని. మనసులో ఉన్నది చెప్పకుండా ర్యామ్ మీద నెట్టే మనిషితో పోట్లాట ఎంత కష్టమో నాకే తెలుసు.

మామయ్య ఈ గొడవలో కొడుకు పక్షం. నైన్టీ ఎయిట్‌కి ముసలితనం రాలేదు, దుమ్ము పడుతోంది, అంతే అన్నారు. అని ఊరుకోకుండా, టేపుతో కొలతలు తీసుకుని సీపీయూకి ఒక గలేబు కుట్టారు. మామూలు గుడ్డ కాదు, రెండు పొరల మధ్య మంచి దూది పెట్టి, బొంత కుట్టినట్టు అడ్డంగా నిలువుగా కుట్లు వేసి కుట్టారు. ఆన్ చేసే బటన్ దగ్గర మాత్రం చొక్కాకి వేసినట్టు కాజా వేశారు. పనిచేసేటప్పుడూ తీయొద్దని గట్టిగా చెప్పారు. కంప్యూటరుని ముద్దుగా ముసుగు కప్పి పడుకోబెట్టినట్టుండేది. వచ్చినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు. పక్కవీధిలో జిరాక్సు షాపాయన తన మిషనుకీ ఒకటి కుట్టించుకున్నాడు.

గలేబు తొడిగాక నీలం తెర ఇంకా ఎక్కువగా రావడం మొదలైంది. చూశారా, నైన్టీ ఎయిట్ పని అయిపోయిందని నేను ఎగిరాను. ఇక తాడోపేడో తేలిపోవాలని ఒంగోలు నుంచి మెకానిక్‌ని పిలిపించాను. భారీ మనిషి, నోరు తెరిస్తే నవ్వే. గలేబు విప్పి, వెనక స్క్రూలు తీసి, పక్క రేకు లాగాడు. లాగి అలాగే ఉండిపోయాడు. లోపల ఫ్యాను కనపడలేదు, తీగలు కనపడలేదు. తెల్లగా దూది. ఇన్నేళ్ళుగా గోడ అవతల నుంచి ఎగిరొచ్చిన నూగంతా ఫ్యాను లోపలికి లాక్కుని పేర్చిపెట్టింది. దాని మీద మళ్ళీ మా మామయ్య బొంత.

"అక్కా, దీంట్లో దిండుకి సరిపడా దూది ఉంది. ఊపిరాడక ఛస్తావుంటే ముసల్ది అయిపోయిందంటారేంది పాపం" అన్నాడు మెకానిక్.

మామయ్య గోడ అవతల నుంచి వచ్చి ఆ దూది వేళ్ళ మధ్య నలిపి చూసి, మంచి పత్తే అన్నారు. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన అంత నవ్వడం నేను అప్పుడే చూశాను. నేనూ నవ్వాను కానీ, లోపల గుర్రుగా ఉంది. శుభ్రం చేశాక ఆ కంప్యూటరు కొత్త పెళ్ళికూతురిలా పనిచేసింది. నీలం తెర మాయమైంది. మెకానిక్, దీనికింకా బోలెడు ఆయుష్షుందని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు. నా వాదన సగం అతనితోపాటే వెళ్ళిపోయింది. గలేబుని మామయ్య విప్పి నాకు పీట మీద వేసుకోవడానికి మెత్తగా కుట్టిచ్చారు.

ఇక ఎక్స్‌పీ మాట ఎత్తకూడదని మూతి ముడుచుకుని కూర్చున్న రోజుల్లో ఒక పెద్దాయన వచ్చాడు. పర్చూరు అవతల పల్లెలో చర్చి సంఘపెద్ద. పొలం పనులు చేసుకుంటాడు. చర్చి కరపత్రాలన్నీ ఎప్పుడూ మా దగ్గరే వేయించేవాడు. ఈసారి కొడుకు పెళ్ళి కార్డు. పేర్లు, చర్చి, వేళ అన్నీ చెప్పాక, మా అమ్మ ఒక మాట వేయించమందండి అన్నాడు. ఆమె నడవలేదట. చర్చికి తీసుకెళ్ళడం కుదరదని, ప్రార్థన అయ్యాక భోజనాలు ఆమె గుమ్మం ముందే పెట్టుకున్నారట. ఆమె ఏమందో ఆయన చెప్తుంటే మా ఆయన వేళ్ళు పరిగెత్తాయి. చివరికి ఇలా తేలింది: "నడవలేని ముసలిదాన్ని, చర్చికి రాలేను. నా గుమ్మం ముందే పందిరి వేయించాను. మీరే నా దగ్గరికి వచ్చి, నా మనవణ్ణి దీవించి, అన్నం తిని వెళ్ళండి."

పెద్దాయన అది విని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఇబ్బందిగా, పిల్లలు ఫోటోలతో రంగుల కార్డు కావాలంటున్నారని చెప్పాడు. మా దగ్గర కాదని ఆయనకి తెలుసు. మీరు రాసిన మాటలే గుంటూరులో ఇస్తాను, ఏమీ అనుకోవద్దన్నాడు. మా ఆయన ప్రింటు తీసి చేతికిచ్చారు, ఏమీ అనుకోలేదు.

కొన్నాళ్ళకి ఆయన మమ్మల్ని పెళ్ళికి పిలవడానికి వచ్చాడు. కార్డు ధగధగలాడిపోతోంది. మా ఆయన తెరిచి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివారు. ముసలామె మాట లేదు. ఆ చోట బంధుమిత్రుల అభినందనలతో అని వేసే మామూలు వరస ఉంది, దాని పైన పావురాల బొమ్మ.

"ఆ మాట తీసేశారండి భాయ్‌గారూ. ఫోటోలకి చోటు సరిపోలేదంట. మా అమ్మ చదివించుకుని, నా మాట ఏదిరా అని అడుగుతా ఉంది. ఏం చెప్పాల్నో తెలవటంలా" అన్నాడు పెద్దాయన.

పెళ్ళి రోజు నేను బయల్దేరదామంటే మా ఆయన రానన్నారు. ఆమె ముఖం ఎలా చూడను అన్నారు. తప్పు మీది కాదుగా అన్నా వినలేదు. నేను ఒక్కదాన్నే వెళ్ళలేక ఆగిపోయాను.

తర్వాతి శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చి, టోపీ మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, మెకానిక్‌ని రమ్మను, ఎక్స్‌పీ వేయించేద్దాం అన్నారు. గెలిచానని నేను సంతోషపడాలి కదా. తొందరేముంది, ఈ సీజన్ పోనీ అన్నాను. వైరస్‌లు వస్తాయటగా అన్నాను. ర్యామ్ సరిపోతుందా అని కూడా అడిగాను. అన్నాళ్ళూ ఆయన చెప్పిన సాకులన్నీ వరసగా నా నోట్లోంచి వస్తుంటే ఆయన చిన్నగా నవ్వారు.

"వేళ్ళు పోయినా నేను టైపు నేర్చుకున్నాను. వాళ్ళ మాట పోతే ఎవరు తెచ్చిస్తారు?" అన్నారు.

మెకానిక్ వచ్చి నైన్టీ ఎయిట్ తుడిచేశాడు. తెర మీద ఎక్స్‌పీ పచ్చటి గుట్ట ప్రత్యక్షమైంది. మామయ్య అది చూసి, ఇది మన వైపు నేల కాదు, ఇక్కడ పత్తి పండదు అన్నారు. కొత్త తెలుగు సాఫ్ట్‌వేర్ ఎక్కింది. అక్షరాలు వేటి చోట్లలో అవి కూర్చున్నాయి, మా ఆయన కోసం ఒక్కటీ జరగలేదు.

ఆయన ప్రయత్నించారు. రోజూ తెల్లారగానే వచ్చి సాధన చేసేవారు. ఒత్తు కోసం చెయ్యి మొత్తం ఎత్తి పక్కకి జరపాల్సి వచ్చేది. ఒక్క ముక్క టైపు చేయడానికి పడే పాట్లు చూడలేక, నేను పట్టనట్టు అచ్చైన కార్డులు సర్దుకునేదాన్ని. ఒకరోజు ఒక మిరప రైతు తండ్రి పెద్దకర్మ కార్డు కోసం వచ్చాడు. మా నాన్న ఎంత కష్టపడ్డాడంటే అని మొదలుపెట్టి చెప్పుకుపోతున్నాడు. ఈయన వేళ్ళు అందుకోలేక అక్షరం కోసం వెతుకుతున్నాయి. రైతు ఆగి చూశాడు. మళ్ళీ మొదలుపెట్టబోయి, ఎక్కడిదాకా చెప్పాడో మర్చిపోయాడు.

మా ఆయన లేచి నిలబడ్డారు. "నువ్వు కూర్చో" అన్నారు నాతో.

తెలుగు కొట్టడానికి అన్నేళ్ళలో ఇంకెవరూ కూర్చోని ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఆయన స్టూలు లాక్కుని రైతు పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, చెప్పన్నా అన్నారు. రైతు చెప్పాడు. ఈయన విని, దాన్ని మెల్లగా, ఒక్కో ముక్కా నాకు చెప్పారు. నేను కొట్టాను. రెక్కల కష్టం మీద మమ్మల్ని పెంచి, తాను ఎండలో ఉండి మమ్మల్ని నీడలో ఉంచిన మా నాన్న అని ఆయన అంటుంటే, నాకు తెర మసకేసింది. ఇన్నాళ్ళూ ఈ మాటలు ఆ వేళ్ళ గుండా నిశ్శబ్దంగా వెళ్ళిపోయేవి. ఇప్పుడు గొంతులోంచి వస్తున్నాయి, అదీ నాకు చెప్తూ.

అప్పటి నుంచి అదే పద్ధతి అయిపోయింది. వచ్చినవాళ్ళు ఆయనకి చెప్తారు, ఆయన నాకు చెప్తారు. పెళ్ళయ్యాక నాతో మాట్లాడినన్ని మాటలు మొదటి వారంలోనే మాట్లాడేశారు. తప్పక రండి, మీరు లేకపోతే మాకు వెలితి, మా అమ్మాయిని మీ చేతుల్లో పెడుతున్నాం, ఇవన్నీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా చెవిలో పడుతూనే ఉండేవి. అవి నాకు కాదని తెలుసు. అయినా నాకు బాగుండేది. ఇన్ని మాటలు ఎక్కడ దాచుకున్నారండీ అని ఒకరోజు అడిగేశాను. వేళ్ళల్లో అన్నారు.

కొత్త సిస్టంలో ఆయన మొట్టమొదట నాతో కొట్టించిన రంగుల కార్డుకి ఆర్డరిచ్చినవాళ్ళెవరూ లేరు. ముసలామె కార్డే. మాకిచ్చిన పెళ్ళి కార్డుని స్కాన్ చేయించి, పిల్లల ఫోటోలు చిన్నవి చేయమన్నారు, పావురాల్ని తీసేయమన్నారు. ఆమె మాట కాగితం చూడకుండా చెప్పారు, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఇంకెవరిదో కార్డు గుంటూరు ప్రెస్సుకి వెళ్తుంటే, ఆ షీటు అంచున ఖాళీలో దీన్ని ఇరికించాను. ప్రెస్సువాళ్ళు పోనీలే అని వేసిచ్చారు. సంఘపెద్దకి కబురు పెట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం బయల్దేరాం. పెళ్ళైపోయి చాన్నాళ్ళైంది, ఇప్పుడీ కార్డేమిటని నవ్వుతారేమో అని దారంతా నాకు గుంజాటనే.

ఆమె గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని ఉంది. ఎదురుగా నేల మీద పందిరి గుంజలు పాతిన గుంతలు ఇంకా పూడలేదు. కొడుకు కార్డు చదివి వినిపించాడు. ఆమె చెయ్యి చెవికి ఆనించుకుని వింది. అన్నం తిని వెళ్ళండి అనే దాకా విని, ఇదీ నేనన్న మాట అంది. కార్డు అడిగి తీసుకుని, చీర చెంగుతో తుడిచి, ఎవరు రాశారని అడిగింది. కొడుకు మా ఆయన్ని చూపించాడు. మా ఆయన నన్ను చూపించి, నేను చెప్పాను, ఈవిడ రాసింది అన్నారు.

చూపించిన ఆ చేతిని ఆమె అందుకుని, తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. వేళ్ళ సంగతి అడగలేదు.

"పిలిచినోళ్ళందరూ వచ్చి తినిపోయారు. మీరే రాలా. కూర్చోండి" అంది.

గుంజల గుంతల పక్కనే చాప వేశారు. గోంగూర పప్పు, కోడిగుడ్ల కూర. కోడిని కోద్దామనుకున్నా, మేం కోసింది మీరు తింటారో తినరో అని గుడ్లు వండించా అంది ముసలామె మంచం మీది నుంచి. మా ఆయన ఆ మూడు వేళ్ళతో అన్నం కలుపుకుని తిన్నారు. మా ఇంట్లో కూడా ఎప్పుడూ ఇది కావాలని నోరు తెరిచి అడగని మనిషి, ఆ రోజు తలెత్తి ఆమె వైపు చూసి, ఇంకొంచెం అన్నం పెట్టించమ్మా అన్నారు.